దూరపు కటకమునకు తోడు కటకము



మహబూబునగరు పట్టణమునకు ఆ పేరు 1890వ సంవత్సరమున ఆరవ నిజాము మహబూబ్ అలీఖాను పేరిట వచ్చినది. ఆయన పులివేటలో పేరెన్నికగన్న ప్రభువు. ఆయన ఆస్థానమున రాజా దీనదయాళు అను ప్రసిద్ధ ఛాయాచిత్రకారుడుండెను. చంపిన పులిని నేలపై పరుండబెట్టి, దాని ప్రక్క దొరలు తుపాకులతో నిలుచుండగా తీసిన ఆనాటి చిత్రములను మీలో కొందరు చూచియే యుందురు. ఆ దినములలో పులి బొమ్మ కావలెననిన ముందుగా పులి చావవలసియుండెను. పిమ్మట కాలము మారినది. ఎఫ్. డబ్ల్యు. చాంపియన్ అను అటవీశాఖోద్యోగి ఉత్తరదేశపు అడవులలో పులి నడచు దారికడ్డముగా సన్నని తీగె కట్టి, పులి తగులగనే కెమేరా తనంతట తాను పనిచేయునట్లమర్చి, బ్రతికియున్న పులుల చిత్రములు తీసి, 1927లో వానిని గ్రంథముగా ప్రకటించెను. నేడు అడవిలో తుపాకి పట్టినవాడు నేరస్థుడు, కెమేరా పట్టినవాడు సజ్జనుడు అని మనము తలంచుచున్నాము. నేనును అట్లే తలంచితిని. ఆ తలంపు ఎంతవరకు నిజమో నాకొక గొల్లపెద్ద నేర్పినాడు. ఆ పాఠమును గూర్చియు, దాని మూలమున నాకు పరిచితమైన యొక చిన్న పరికరమును గూర్చియు నేడు మనవి చేసెదను.

నల్లగొండ జిల్లాలోని యొక చెరువు శిఖములో తీతువు గుడ్లు పెట్టినదని విని, ఏప్రిల్ నెలలో ఒకనాడు కెమేరాతో పోయితిని. తీతువు గూడు కట్టదని మీకు తెలియును. గులకరాళ్ల నడుమ చిన్న పల్లము చేసి అందే గుడ్లు పెట్టును. గుడ్లకును రాళ్లకును భేదము కానరాదు. నా కెమేరాకు 400 మిల్లీమీటర్ల దూరపు కటకముండెను. పక్షి బొమ్మ పెద్దదిగా రావలెనని ఇరువది మీటర్ల దూరమునకు చేరితిని. తీతువు లేచి, నా తలపై తిరుగుచు అరవసాగెను. అది మరల గుడ్లపై కూర్చుండునని నేను కదలక నిలిచితిని. అర్ధగంట గడచినది. పక్షి దిగలేదు. అంతలో దూరమున వేపచెట్టు క్రింద గొఱ్ఱెలను కాచుచున్న ముసలివాడు కేకవేసి యిట్లనెను: “ఓ బిడ్డా! నువ్వు ఆడ నిలవడ్డంత సేపు అది గుడ్ల మీదికి రాదు. ఈ ఎండకు గుడ్లు ఉడుకుతయి. ఇటు రా, నా పక్కన కూసో.”

నేను సిగ్గుపడి వెనుకకు వచ్చితిని. ఆ చెట్టు గూటికి నలువది మీటర్లు. మేము కూర్చున్న కొలది నిమిషములకే తీతువు దిగి, చెరువునీటిలో పొట్ట తడుపుకొని, నడచి వచ్చి, గుడ్లపై నిలిచినది. మండు వేసవిలో ఈ పక్షి గుడ్లకు వేడి నిచ్చుటకు గాక చల్లదన మిచ్చుటకై పాటుపడును. తన రెక్కల నీడయు, తడిసిన ఈకల తేమయు లేనిచో గుడ్డులోని జీవము నిలువదు. ఈ సంగతి నాకు పుస్తకమువలన తెలియును గాని, పుస్తకము చదివిన నాకన్న చదువని ఆ తాతయే దానిని సమయమునకు జ్ఞప్తియందుంచుకొనెను. నాలుగు గుడ్లలో రెండే పిల్లలైనవని తరువాత అతడే చెప్పెను. నేను నిలుచుటయే కారణమని నిశ్చయింపజాలను, కాదనియు చెప్పజాలను.

మన 1972 సంవత్సరపు వన్యప్రాణి సంరక్షణ చట్టము అడవిపక్షుల గుడ్లను, గూళ్లను కలతపెట్టుటనుకూడ వేటలోనే చేర్చినది. అనగా తుపాకి లేకయే నేను వేటగాని వరుసలో నిలిచితినన్నమాట. ఆ దినమునుండి నాకు ఒకటే ప్రశ్న. వేపచెట్టు క్రిందినుండియే, పక్షి లేవకుండ, బొమ్మ తీయుట ఎట్లు?

దీనికొక యుపాయము కలదు. దానిని టెలీకన్వర్టరందురు. కెమేరాకును దూరపు కటకమునకును నడుమ బిగించు చిన్న గొట్టమది. అందు కొన్ని గాజు బిళ్లలుండును. నేను దానిని తోడు కటకమని పిలిచెదను. అది పనిచేయు తీరు తెలియవలెనన్న మీ ఇంటనే యొక పరీక్ష చేయవచ్చును. పగటివేళ గది తలుపులు మూసి, ఒక్క కిటికీ మాత్రము తెరచి, ఎదుటి గోడ యొద్ద మీ చత్వారపు కళ్లద్దమును పట్టుకొనుడు. దాని శక్తి 2 అయినచో, గోడకు అర్ధమీటరు దూరమున కిటికీ వెలుపలి దూరపు దృశ్యపు బొమ్మ తలక్రిందులుగా గోడపై పడును. శక్తి 1 అయినచో బొమ్మ యొక మీటరు దూరమున ఏర్పడును. అది మొదటిదానికి రెట్టింపుండును. ఈ దూరమునే శాస్త్రజ్ఞులు నాభ్యంతరమందురు. నాభ్యంతరము పెరిగినకొలది బొమ్మ పెరుగును. దూరపు కటకముయొక్క రహస్యమంతయు ఇంతే. 400 మిల్లీమీటర్ల కటకమనగా దూరపు వస్తువు బొమ్మను 400 మిల్లీమీటర్ల నాభ్యంతరముతో ఏర్పరచునదని యర్థము.

ఇక తోడు కటకములోని ముఖ్యమైన గాజు పుటాకారముగలది. బడిలో నల్లబల్ల కానరాని పిల్లలు పెట్టుకొను కళ్లద్దముల జాతిదది. దూరపు కటకము ఒకచోటికి కూర్చుచున్న కిరణములను ఇది నడుమ నడ్డగించి, అవి అంత త్వరగా కూడక మరికొంత దూరమున కూడునట్లు చేయును. కావున బొమ్మ పెరుగును. సాధారణముగా దొరకునవి రెండు విధములు: 1.4 రెట్లు పెంచునది, 2 రెట్లు పెంచునది. మొదటిది 400 మిల్లీమీటర్ల కటకమును 560గా, రెండవది 800గా చేయును. ఒక అడుగు పొడవుగల పక్షి నలువది మీటర్ల దూరమున నున్నచో, 400 కటకముతో దాని బొమ్మ 3 మిల్లీమీటర్లు, 560తో 4 మిల్లీమీటర్ల పైచిలుకు, 800తో 6 మిల్లీమీటర్లు వచ్చును. నేను ఇరువది మీటర్లకు చొరబడి పొందగోరిన బొమ్మయు ఆ 6 మిల్లీమీటర్లే!

ఈ యుపాయము క్రొత్తది కాదు. దూరదర్శినులలో ఇట్టి పుటాకార కటకమును పంతొమ్మిదవ శతాబ్దమునుండి వాడుచున్నారు. ఆంగ్ల గణితశాస్త్రజ్ఞుడైన పీటర్ బార్లో పేరిట దానిని నేటికిని బార్లో కటకమనియే పిలుచుచున్నారు. కెమేరాకు దూరపు కటకమును నిర్మించి 1891లో హక్కు పొందిన డాల్‌మేయరుకూడ సాధారణ కటకమువెనుక పుటాకార కటకమును చేర్చు ఈ సూత్రమునే యవలంబించెను.

అయినను, వెల చెల్లింపక ఏ వస్తువును రాదు. తోడు కటకమునకు మనము చెల్లించు వెల వెలుతురు. దీనిని సేద్యపు మాటలలో చెప్పెదను. ఒక గంపెడు విత్తులను ఎకరమున చల్లినచో ఒక ఒత్తున పడును. అవే విత్తులను రెండెకరములలో చల్లినచో సగము ఒత్తుననే పడును. కటకపు నోరు పెరుగలేదు. దానిలోనికి వచ్చు వెలుతురు ఆ గంపెడే. బొమ్మ మాత్రము పొడవున 1.4 రెట్లు, వెడల్పున 1.4 రెట్లు పెరిగినది. అనగా వైశాల్యము రెట్టింపైనది, వెలుతురు సగమైనది. రెండు రెట్ల తోడు కటకముతో ఒక ఎకరపు విత్తులు నాలుగెకరములకు పరచినట్లు. వెలుతురు నాలుగవ వంతే మిగులును. కటకపు పొడవును దాని నోటి వెడల్పుచే భాగించిన సంఖ్యను కెమేరావారు వాడుదురు. ఆ సంఖ్య 5.6 ఉన్న కటకము మొదటి తోడుతో 8గను, రెండవదానితో 11గను మారును. సెకనులో వెయ్యవవంతు కాలమున తీయగలిగిన చిత్రమునకు, మొదటిదానితో అయిదువందలవ వంతు, రెండవదానితో రెండువందల యేబదవ వంతు కాలము పట్టును. ఆలోపల పక్షి తల త్రిప్పినచో బొమ్మ చెదరును.

ఇంకొక చిక్కు కలదు. బొమ్మ పెరిగినప్పుడు చేతివణకును పెరుగును. కటకములోని లోపములును పెరుగును. బావిలో లేని నీరు బొక్కెనలోనికి రాదు గదా! నాసి కటకమునకు తోడు కటకము చేర్చినచో పెద్ద బొమ్మ వచ్చును గాని, ఈకల వివరము రాదు. అట్టి కటకమువారు తీసిన చిత్రమును తరువాత కత్తిరించి పెద్దది చేసికొనుటయే మేలు. మంచి కటకమున్నవారికి మాత్రము తోడు కటకము నిజముగా క్రొత్త వివరము నిచ్చును. మఱియు ప్రతి కటకమునకును తోడు కటకము పట్టదు. దాని ముందరి గాజు పైకి పొడుచుకొని యుండుటచేత, సరిపడని కటకమునకు బలవంతముగా బిగించినచో రెండును చెడిపోవచ్చును. తయారుచేసినవారి పట్టికను చూచియే కొనవలెను. అద్దముగల పాత కెమేరాలలో పెక్కింటికి వెలుతురు తగ్గినచో దృష్టిని తమంతట తాము కుదుర్చుకొను శక్తి పోవును. నేటి అద్దములేని కెమేరాలలో ఈ బాధ చాలవరకు తగ్గినది.

మన దేశపు ఎండయు ఒక శత్రువే. మిట్టమధ్యాహ్నము మన బండనేలపై గాలి అలలవలె కదలును. దూరపు చెట్టు నీటిలో నిలిచినట్లు తోచును. తోడు కటకము ఆ కదలికనుకూడ పెంచి చూపును. ఎంత వెలగల గాజైనను దీనిని మాన్పజాలదు. కావున ప్రొద్దు పొడిచిన పిదప రెండు గంటలును, ప్రొద్దు క్రుంకుటకు ముందొక గంటయు మేలైన సమయములు. కెమేరాను చేత పట్టక, ఇసుకతోనో బియ్యముతోనో నింపిన చిన్న సంచిని గట్టుమీదనో బండిమీదనో వేసి, దానిపై నుంచినచో వణకు తగ్గును.

ఈ మాటలన్నియు మనకెందుకని మీరడుగవచ్చును. ఒకప్పటి మహబూబునగరు, నల్లగొండ జిల్లాల యడవి నేడు అమ్రాబాదు పులుల సంరక్షణ క్షేత్రమైనది. 2016లో జిల్లాలు విభజింపబడినపిదప అచ్చంపేట, మన్ననూరు నాగరుకర్నూలు జిల్లాలో చేరినవి. ఈ క్షేత్రము 2,611 చదరపు కిలోమీటర్లు. పులులను, చిఱుతలను, ఎలుగులను, దుప్పులను చూచుటకై జనులు మన్ననూరునుండి ఫరహాబాదు వైపునకు పోవుచున్నారు. చెంచు యువకులు వారికి దారి చూపుచున్నారు. అచ్చట బండి దిగరాదు. దగ్గరకు పోవుట యనునది లేదు. దూరపుచూపుగలవానికే అచ్చట బొమ్మ దక్కును. ప్రతి పులి చారలును వేరువేరుగా నుండును. మన వ్రేలిముద్రలవలె ఒకదాని చారలు ఇంకొకదానికుండవు. కావున స్పష్టమైన చిత్రము వేడుకకేగాక, ఏ పులి ఎచ్చట తిరుగుచున్నదో గుర్తించుటకును పనికివచ్చును.

అడవిలో కాపలాయున్నది. మన చెరువు శిఖములలో, చేలగట్లపై కాపలా యెవరు? మీరే. నేడు పల్లెలకు కెమేరాలతో వచ్చువారు పెరిగినారు. వారిలో పెక్కుమంది నావలె మంచి తలంపుతోనే వచ్చుదురు. తెలియక తప్పు చేయుదురు. కొంగలు ఎగిరిన బొమ్మకై పిల్లవానికి పైకమిచ్చి రాళ్లు వేయించువారును కలరు. వేసవిలో మిగిలిన యొక్క నీటిగుంట యొద్దనే పగలంతయు కూర్చుండువారును కలరు. వారు లేచువరకు ఏ మృగమును దప్పి తీర్చుకొనలేదు. అట్టివారిని కోపింపక, ఆ గొల్లపెద్దవలె పిలిచి ప్రక్కన కూర్చుండబెట్టుకొనుడు. పక్షి అరచుచున్నచో వెనుకకు రమ్మనుడు. మృగమునకును నీటికిని నడుమ నిలువవలదనుడు. ఎంత దూరము చాలునని వారడిగినచో కొలబద్ద అక్కరలేదు. పక్షి తన పని మానక చేసికొనుచుండు దూరమే సరియైన దూరము.

మరుసటి యేడు నేను రెండు విధముల తోడు కటకములను తీసికొని ఆ చెరువునకే పోయితిని. తాత అదే చెట్టు క్రింద కూర్చుండెను. తీతువు మరల గుడ్లు పెట్టియుండెను. రెండు రెట్ల దానితో పెద్ద బొమ్మ వచ్చినది గాని, మసకబారినది. 1.4 దానితో బొమ్మ చిన్నది. అయినను పొట్టక్రింది తడి ఈకలు ఒక్కొక్కటియు కానవచ్చినవి. ఆ చిన్నదానినే ఉంచుకొని, ఒక ప్రతిని తాతకు పంపితిని. నేను నలువది మీటర్ల దూరమున కూర్చున్నంత సేపును తీతువు ఒక్కమారైనను లేవలేదు.