నుదుటి గీతలు

పంజరపు తలుపు తీయగనే రామచిలుక వెలుపలికి వచ్చి, పేర్చియుంచిన అట్టలలో నొకదానిని ముక్కుతో లాగి మన నుదుటి వ్రాతను బయటపెట్టెడి చిలకజోస్యపు వేడుకను బాల్యమున చూడనివారు మనలో అరుదు. పక్షిని కొనబోయిన నాడు మాత్రము ఈ వ్యవహారము తలక్రిందులగును. దాని నుదుటి గీతలను చదువవలసినవారము మనమే.

రామచిలుకను పెంచుకొనుట 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము ననుసరించి నేరము. తొఱ్ఱలనుండి దొంగిలింపబడిన ఆ పిల్లలలో పంజరము చేరులోపల చచ్చునవి యెన్నియో తలచినచో, ఆ నిషేధము న్యాయమైనదే యని నాకు తోచును. కావున ఇండ్లలో నిశ్చింతగ పెంచదగినది బడ్జీ. మనవారు దీనిని ‘లవ్ బర్డ్స్’ అని పిలుతురు కాని, నిజమైన లవ్ బర్డ్స్ ఆఫ్రికా ఖండమునకు చెందిన వేఱొక జాతి. బడ్జీ ఆస్ట్రేలియా ఎడారి మైదానముల పక్షి. 1840లో జాన్ గూల్డ్ అను పక్షిశాస్త్రజ్ఞుడు దీనిని సజీవముగ ఇంగ్లండునకు కొనిపోయెను. తరువాత తరతరములుగ మనుష్యుల యిండ్లలోనే పుట్టి పెరుగుచున్నది.

హైదరాబాదు చార్మినారు చెంత, అస్మాన్ జా 1892లో కట్టించిన గడియారస్తంభమునకు సమీపమున, జనులు ముర్గీ చౌక్ అని వ్యవహరించు మహబూబ్ చౌక్ కలదు. కోళ్లు, పావురములు, రంగురంగుల చిన్న పిట్టలు ఒక్కచోట చేరి చేయు ఆ కోలాహలములో ఎంతటి వివేకికైనను బుద్ధి నిలుచుట కష్టము. నేను మొదటిసారి పిట్టను కొన్నది అక్కడ కాదు, మఱియొక వీథిలోని చిన్న దుకాణమున. ఒక మూల ఈకలు ఉబ్బించుకొని బంతివలె కూర్చుండిన నీలిరంగు పిట్టను చూచి, ‘ఎంత సాధువో!’ అని మురిసి ఇంటికి తెచ్చితిని. నాల్గవ నాటి ఉదయమున అది పంజరపు అడుగున పడియుండెను. సాధుత్వమని నేను భ్రమించినది రోగమే.

గుంపులో దుర్బలమైన పక్షిని డేగ ముందుగ గుర్తించును గనుక, బలము పూర్తిగ ఉడుగువఱకు వ్యాధిని దాచుకొనుట వీని స్వభావము. అందుచేత కొనువాడు పంజరమునకు దూరముగ కొంతసేపు ఊరక నిలువవలెను. మనిషి చేరువైన క్షణమున అన్నియు చుఱుకుగ కనబడును. మనలను మఱచిన పిమ్మట గాని నిజము తెలియదు. ఆరోగ్యముగ నున్న పిట్ట ఒంటికాలిపై కునుకు తీయును. రెండు కాళ్లపై ముడుచుకొని పగలెల్ల కండ్లు మూయునది, ఊపిరితోపాటు తోక క్రిందికి మీదికి ఊగునది, మలద్వారము చుట్టు ఈకలు తడిసి అంటుకొన్నది, ముక్కుపై సున్నపుపొరవలె పెచ్చు కట్టినది, ఎంత అందమైనదైనను విడువదగినది. చేత పట్టినప్పుడు రొమ్మెముక కత్తివాదరవలె తగులుచున్నచో అది తిండి తినుటలేదన్నమాటే.

ఇక వయస్సు. గ్రుడ్డు పొదిగిన 18 దినములకు పిల్ల బయటపడును. అయిదు వారములకు గూడు విడుచును. మఱియొక వారము తండ్రి నోటినుండి తిండి అందుకొనును. ఆరు మొదలు ఎనిమిది వారముల నడుమ కొనుట ఉత్తమము. ఆ ప్రాయమున నుదుటినిండ, ముక్కు మొదలువఱకు, సన్నని నల్లగీతలుండును. కన్ను నల్లపూసవలె నుండి, చుట్టు తెల్లని వలయ మింకను ఏర్పడదు. మూడు నాలుగు నెలలకు తొలిసారి ఈకలు రాల్చునప్పుడు ఆ గీతలు తొలగిపోవును. మేలిమి పసుపు, తెలుపు రంగుల పిట్టలకు ఈ గీతలే కానరావు. అట్టివాని విషయమున అమ్మువాని మాటే ప్రమాణము, అది యెంతటి ప్రమాణమో పాఠకులెఱుగనిది కాదు.

ఇంటికి తెచ్చిన పిమ్మట మొదటి వారము దుకాణమున తినిన గింజలనే పెట్టవలెను. కొర్రలు, సామలు, వరిగలు దీనికి ప్రియము. అవి మాత్రమే తినినచో విటమిను ‘ఎ’ లోపించును గనుక తోటకూర, కొత్తిమీర, మునగాకు కొంచెము కొంచెముగ అలవాటు చేయవలెను. సున్నమునకై మన ఆయుర్వేదము సముద్రఫేనమని పిలిచిన తెల్లని ఎముకముక్కను పంజరమునకు కట్టవచ్చును. ఇంట ముందే పక్షులున్నచో క్రొత్తదానిని నెలదినములు వేఱు గదిలో నుంచవలెను. గోపురమువంటి ఎత్తైన పంజరము మన కన్నులకు ఇంపు, పిట్టకు నిష్ప్రయోజనము. అది అడ్డముగ ఎగురునే కాని నిట్టనిలువుగ ఎగురదు. ఒక్క లావున నున్న ప్లాస్టిక్ పుల్లకంటె వంకరటింకర జామకొమ్మ పాదములకు హితము.

వంటగది మాత్రము దీనికి యమద్వారము. పిట్ట శ్వాసావయవములు అతిసున్నితములు; మాడిన నాన్‌స్టిక్ పెనమునుండి వెలువడు ఆవిరి మనకు తెలియకయే నిమిషములలో దాని ప్రాణము తీయగలదు. దోమలచుట్ట పొగయు మేలు చేయదు. స్వేచ్ఛగ ఎగురనిచ్చు ఘడియలో పైకప్పు ఫ్యాను ఆపుట మఱువరాదు.

రెండవసారి కొన్న ఆకుపచ్చ పిట్ట తొలి పదిదినములు నా చేతిని చూచి అవతలి కొసకు పారిపోయెడిది. నేను పంజరము ప్రక్కన పత్రిక చదువుచు కూర్చుండుటయే తప్ప మఱేమియు చేయలేదు. మూడవ నెల గడచిన పిమ్మట ఒక ఉదయమున అడుగుకాగితముపై చిన్న చిన్న ఈకలు చెదరియుండెను. ఉలికిపడి తల యెత్తితిని. జామకొమ్మపై నుండి నన్నే చూచుచుండెను. నుదుట ఒక్క గీతయు లేదు.