ఒక్క పేజీ చదివి వెళ్లిపోయినవాళ్లు

సఖినేటిపల్లి నుంచి ఒక పాఠకురాలు రాశారు. కొబ్బరి పీచు చాపలు, తాళ్లు అమ్మడానికి ఆవిడ ఒక వెబ్‌సైట్ పెట్టుకున్నారు. అందులోనే అంతర్వేది తీర్థానికి వచ్చేవాళ్ల కోసం ఉత్సవాల తేదీలు, దారి వివరాలతో ఒక పేజీ ఉంచారు. ‘బౌన్స్ రేటు 80 శాతం ఉంది, చాలా ఘోరం అంటున్నాడు సైటు చేసిచ్చిన అబ్బాయి. నిజంగా నూటికి ఎనభై మంది చూడగానే పారిపోతున్నారా?’ అని ఆవిడ ప్రశ్న.

పారిపోతున్నారని ఆ అంకె చెప్పదు. అసలు చెప్పలేదు. ఎందుకు చెప్పలేదో తెలుసుకోవడమే ఇందులో గొప్ప ఆనందం.

నిర్వచనం చిన్నదే. ఒక మనిషి సైటుకి వచ్చి వెళ్లేదాకా జరిగినదంతా ఒక సెషన్. ఏ కదలికా లేకుండా అరగంట గడిస్తే ఆ సెషన్ ముగిసినట్టే. పాత పద్ధతిలో, ఒక్క పేజీ తెరిచి మరేమీ నొక్కకుండా ముగిసిన సెషన్ బౌన్స్. నూటికి అలాంటివి ఎన్నో చెప్పేది బౌన్స్ రేటు.

ఇక అసలు సంగతి. వెబ్‌కి పునాది అయిన హెచ్‌టీటీపీకి జ్ఞాపకం లేదు. బ్రౌజర్ పేజీ అడుగుతుంది, సర్వర్ ఇస్తుంది, అంతటితో తెగిపోయింది. 1994లో నెట్‌స్కేప్‌లో పనిచేస్తున్న లూ మాంటుల్లి కుకీని కనిపెట్టాకే, ఇందాక వచ్చిన బ్రౌజరే మళ్లీ వచ్చిందని సర్వర్ పోల్చుకోగలిగింది. అయినా రెండోసారి కబురు వస్తేనే ఆ పోల్చుకోవడం. కబురు రాకపోతే?

సఖినేటిపల్లి రేవులో టికెట్టు కొట్టే మనిషినే తీసుకోండి. తొమ్మిదింటికి ఒకాయన పంటెక్కి నర్సాపురం వెళ్లాడు. పదకొండింటికి తిరిగొచ్చి కనబడితే, రెండు గంటల్లో పని చూసుకొచ్చాడని లెక్క కట్టొచ్చు. తిరిగి రాకపోతే? అవతలి ఒడ్డున దిగగానే రైలెక్కాడో, సాయంత్రం దాకా బజారంతా తిరిగాడో ఈ ఒడ్డున ఉన్నవాడికి తెలిసే దారి లేదు. వెబ్ లెక్కలూ ఇలాగే నడిచాయి. గడిపిన సమయం అంటే రెండో కబురు వచ్చిన వేళలోంచి మొదటి కబురు వేళని తీసెయ్యడం. రెండోది లేకపోతే తీసివేతే లేదు. అక్కడ సున్నా రాశారు.

తెలియనిదాన్ని సున్నా అని రాయడంలోనే తిప్పలన్నీ పుట్టాయి. అర్చిన్ అనే సంస్థని కొని 2005లో గూగుల్ మొదలుపెట్టిన గూగుల్ అనలిటిక్స్ ఈ లెక్కని ఊరూరా చేర్చింది. అయిదు సెషన్లున్నాయనుకోండి. నలుగురు ఒక్కో పేజీ పావుగంట చదివి మూసేశారు, అయిదోవాడు పది నిమిషాల తేడాతో రెండు పేజీలు తెరిచాడు. నివేదికలో సగటు రెండు నిమిషాలు, బౌన్స్ రేటు 80. నిజానికి శ్రద్ధగా చదివిన గంటసేపు ఎక్కడా లేదు! అయిదోవాడు రెండో పేజీ మీద ఎంతసేపున్నాడో కూడా లెక్కలోకి రాలేదు, ఎందుకంటే దాని తర్వాత మరో కబురు లేదు.

దీన్ని తప్పుగా చదివినవాళ్లు ఎంతమందో. అనలిటిక్స్ కోడ్‌ని పొరపాటున ఒకే పేజీలో రెండుసార్లు అతికిస్తే ప్రతి రాకకీ రెండు కబుర్లు వెళ్లేవి, బౌన్స్ రేటు అమాంతం రెండు మూడు శాతానికి పడిపోయేది. దాన్ని విజయమనుకుని సంబరపడ్డవాళ్లున్నారు. బౌన్స్ రేటు ఎక్కువైతే గూగుల్ వెతుకులాటలో సైటుని కిందకి తోసేస్తుందని భయపెట్టినవాళ్లూ ఉన్నారు. అనలిటిక్స్ అంకెల్ని ర్యాంకుల కోసం వాడబోమని గూగుల్ ప్రతినిధులు పదేపదే చెప్పినా ఆ భయం పోలేదు.

2020లో వచ్చిన గూగుల్ అనలిటిక్స్ 4 ఇక్కడ ఒక చక్కని పని చేసింది. పేజీ కంటి ముందు తెరిచి ఉన్నంతసేపూ బ్రౌజర్‌లోనే సమయం కొలిచి, మనిషి వెళ్లిపోయేటప్పుడు ఆ లెక్కని పంపుతుంది. అవతలి ఒడ్డు కబురు ఇప్పుడు అందుతోందన్నమాట. పది సెకన్లకి మించి ఉన్నా, రెండు పేజీలు చూసినా, మనం ముఖ్యమని గుర్తుపెట్టిన పని ఒక్కటి చేసినా అది నిమగ్నమైన సెషన్. ఈ మూడింటిలో ఏదీ జరగనిదే బౌన్స్. 2023 జులై 1 నుంచి పాత పద్ధతి కొత్త లెక్కలు తీసుకోవడం ఆపేసింది. పేరు అదే, కొలిచేది వేరు. అందుకే పాత 80నీ కొత్త 45నీ పక్కపక్కన పెట్టి ‘మెరుగుపడింది’ అనే నివేదిక ఎవరిచ్చినా నమ్మొద్దు.

ఉపయోగం సంగతా? సైటు మొత్తానికి ఒకే అంకె చూడటం నాకసలు నచ్చదు. భీష్మ ఏకాదశి రథోత్సవం ఏ రోజో తెలుసుకోవడానికి వచ్చినవాడు ఎనిమిది సెకన్లలో తేదీ చూసుకుని వెళ్లిపోతే కొత్త లెక్కలోనూ అది బౌన్సే, పేజీ మాత్రం తన పని నూటికి నూరుపాళ్లూ చేసింది. ఆ పేజీని పక్కనపెట్టి చాపల పేజీకి విడిగా లెక్క తీయించండి. ముందుగా వాట్సాప్ బటన్ నొక్కడాన్ని ముఖ్యమైన పనిగా గుర్తించమని ఆ అబ్బాయికి చెప్పండి. లేకపోతే ధర చూడగానే నచ్చి, పది సెకన్లలోపే మీకు మెసేజ్ పెట్టిన కొనుగోలుదారు కూడా బౌన్స్ కిందే జమవుతారు.