నాలుగు నిమిషాలు ఎక్కడివి?

ఉద్దానం జీడితోటల మీదుగా విమానం పోతుంటే తలెత్తి చూడనివాళ్ళు ఉండరు. అది విశాఖపట్నం నుంచి భువనేశ్వర్ పోతోందనుకోండి. ఎంత దూరం? ఎంతసేపు?

పలాస మీదుగా పోయే రైలుకు ఆ దూరం దాదాపు 440 కి.మీ. రైలు బరంపురం మీదుగా పోయి, చిలకా సరస్సు ఒడ్డు పట్టుకుని వంపులు తిరగాలి. విమానానికి ఆ బాధ లేదు. మీ అట్లాసు తెరవండి. రెండు ఊళ్ళ అక్షాంశాల తేడా సుమారు 2.55 డిగ్రీలు; డిగ్రీకి 111 కి.మీ. చొప్పున 283. రేఖాంశాల తేడా 2.6 డిగ్రీలు. రేఖాంశాలు ధ్రువాల వైపు పోయేకొద్దీ దగ్గర పడతాయి కదా, మన ప్రాంతంలో డిగ్రీకి 105 కి.మీ. మాత్రమే, అంటే 273. ఇవి లంబకోణ త్రిభుజానికి రెండు భుజాలు. కర్ణం 393 కి.మీ.! ఇంత చిన్న దూరానికి భూమి గుండ్రదనాన్ని పట్టించుకోనక్కరలేదు. ఆ గీత టెక్కలికీ పలాసకీ కొద్దిగా పడమరగా పోతుంది.

లెక్క తేలికగా ఉండడానికి 400 అనుకుందాం. గంటకు 500 కి.మీ. వేగంతో పోయే పంకాల విమానానికి 48 నిమిషాలు, రానూపోనూ 96. (నేలమీద పరుగు, పైకెక్కడం, దిగడం ఇందులో లేవు. టైంటేబులులో వాటినీ కలుపుతారు.)

ఇప్పుడు నైరుతి నుంచి గంటకు 100 కి.మీ. గాలి వీస్తోందనుకోండి. పోయేటప్పుడు తోస్తుంది, వచ్చేటప్పుడు అడ్డుతుంది. "చెల్లుకు చెల్లు, మాస్టారూ!" అంటారు మా తరగతిలో. వేసి చూడండి. పోయేటప్పుడు వేగం 600, పట్టేది 40 నిమిషాలు. వచ్చేటప్పుడు 400, పట్టేది 60 నిమిషాలు. మొత్తం 100! గాలి సాయం 40 నిమిషాలే అందింది. ఎదురుగాలి 60 నిమిషాలు తగిలింది. సముద్రపు గాలికి ఎదురు సైకిలు తొక్కినవాళ్ళకు ఈ సంగతి కాళ్ళకే తెలుసు.

మరి గాలి వేగం 200 అయితే? ఊహకే అనుకోండి, 500 అయితే? తిరుగు ప్రయాణం లెక్క వేసి చూడండి.