పండుగనాటి వంటకు గడ్డిగంప

దసరా నాటికి సంగారెడ్డి జిల్లాలో పత్తి ఏరుట మొదలగును. సద్దుల బతుకమ్మ నాడు సైతము తెల్లవారి చేనికి పోక తప్పని ఇండ్లు అనేకము కలవు. పటాన్‌చెరు, పాశమైలారం, బొల్లారం, జిన్నారం వైపున కథ ఇంకొక విధము. అచ్చట ఇంటాయన ఉదయపు షిఫ్టుకును, ఇల్లాలు పగటి పనికిని పోయి, మధ్యాహ్నము దాటిన పిమ్మట గాని ఇల్లు చేరరు. అదే దినమున ఆడబిడ్డలు, అల్లుండ్లు వత్తురు. యాట కూర ఉడుకవలెను, పప్పు ఉడుకవలెను. నాలుగు గంటలు పొయ్యి ముందు కూర్చుండుటకు మాత్రము మనిషి లేదు.

ఇట్టి సమయమున కొందరు గ్యాసు మంట సన్నముగా పెట్టి, తలుపు దగ్గరకు వేసి పోవుదురు. ఇది ప్రమాదకరమైన పని. నీరు ఇగిరి గిన్నె మాడవచ్చును, పొంగి మంట ఆరి గ్యాసు గదిలో నిండవచ్చును. మనిషి లేని ఇంట మంట ఉండరాదు. మంట లేకయే వంట సాగు ఉపాయమొకటి కలదు. దానికి కావలసినది ఒక గంప, కొంత వరిగడ్డి, పాత బొంత.

కూర ఉడుకుటకు కావలసినది మంట కాదు, వేడి. గిన్నె ఒకసారి తెర్లిన తరువాత మనము కాల్చు గ్యాసులో ఎక్కువ భాగము గిన్నె చుట్టునుండి గాలిలోనికి పోవు వేడిని భర్తీ చేయుటకే ఖర్చగును. ఆ వేడిని పోనీయకుండ కప్పి ఉంచినచో, ఉన్న వేడితోనే మిగిలిన ఉడుకు పూర్తియగును.

నిదానపు వంట మనకు క్రొత్త కాదు. దాలిగుంటలో పిడకల నిప్పు మీద పాలకుండను పొద్దంతయు కాగనిచ్చిన ఇండ్లలో, ఆ ఎర్రని పాల రుచియు, మందపు మీగడయు ఎరుగని పెద్దలు ఉండరు. రంజాను మాసమున హైదరాబాదులో హలీమును ఇటుకల భట్టీపై గంటల కొలది ఉడికించి, కట్టెతో మెదుపుదురు. ఆ వంటకమునకు 2010లో భౌగోళిక గుర్తింపు లభించినది. వంగదేశమున ఇందుమాధవ్ మల్లిక్ అను వైద్యుడు 1910లో ఇక్మిక్ కుక్కరును రూపొందించెను. అడుగున కాసిని బొగ్గులు, పైన గిన్నెల దొంతర. ఆవిరిమీద అన్నము, పప్పు, కూర తమంతట తామే ఉడుకును. గడ్డితో నింపిన పెట్టెలో వేడి గిన్నెను దాచి ఉడికించు పద్ధతి ఐరోపాలో ప్రసిద్ధము. ప్రపంచ యుద్ధముల కాలమున వంటచెరకు, బొగ్గు కరవైనపుడు ఆంగ్లేయ గృహిణులు దానినే ఆశ్రయించిరి.

ఇపుడు బజారులో దొరకు స్లో కుక్కరు కూడ ఈ కుటుంబములోనిదే. అమెరికాలో ఇర్వింగ్ నాక్సన్ అను నాతడు 1940లో దానికి పేటెంటు పొందెను. 1971లో క్రాక్‌పాట్ అను పేరున అది ఇల్లిల్లు చేరినది. 200 వాట్లు తీసుకొను పాత్రకు ఎనిమిది గంటలలో 1.6 యూనిట్ల కరెంటు పట్టును. కొనగలవారు కొనవచ్చును. కాని మనము లేనపుడు కరెంటు పోయి వచ్చినదా అను సంగతి కూరను చూచి చెప్పలేము. గడ్డిగంపకు ఆ చింత లేదు, పైగా దానికి వెల కూడ లేదు.

గంపను తయారుచేయు విధము తెలిసికొందము. వంటగిన్నె కంటె అన్ని వైపుల జానెడు వెడల్పు గల వెదురుగంపను గాని చెక్కపెట్టెను గాని తీసికొనవలెను. లోపల గోనెసంచి పరచి, అడుగున నాలుగు అంగుళముల మందమున బాగుగా ఎండిన వరిగడ్డిని అణచి వేయవలెను. గిన్నెను నడుమ నిలిపి, చుట్టును అంతే మందముగా గడ్డి కూరి గూడు చేయవలెను. పాత చీరగుడ్డను సంచివలె కుట్టి, ఊకతో గాని గడ్డితో గాని నింపి, పైన మూతగా వేయు మెత్తను సిద్ధపరచవలెను. దానిపై బొంత కప్పవలెను. వేడి ఎక్కువగా పైకే పోవును గనుక మెత్త విషయమున లోభింపరాదు. చెమ్మగిల్లిన గడ్డి వేడిని నిలుపదు, బూజు పట్టును. ప్రతి వాడుకకు తరువాత గడ్డిని, మెత్తను ఎండబెట్టవలెను. గంపను పొయ్యికి దూరముగా ఉంచవలెను. అడుగున నిప్పురవ్వ అంటిన గిన్నెను కట్టెల పొయ్యినుండి తిన్నగా గడ్డిలో పెట్టరాదు. తడిగుడ్డతో తుడిచి పెట్టవలెను.

గిన్నె మూడు వంతులకు తక్కువ గాకుండ నిండియుండవలెను. నాలుగు లీటర్ల గిన్నెలో ఒక లీటరు పప్పు పెట్టినచో త్వరగా చల్లారును. ఇద్దరు ముగ్గురి వంటకు ఈ పద్ధతి అంత పనికిరాదు. వారికి ప్రెషరు కుక్కరే మేలు. పదిమంది బంధువులు వచ్చిన నాడు గంప విలువ తెలియును. మూత బిగువుగా ఉండవలెను. మరియు ఎంత ఆత్రముగా ఉన్నను నడుమ తెరచి చూడరాదు. ఒకసారి మూత తీసినచో మరల పొయ్యి ఎక్కించి తెర్లించుట తప్ప వేరు మార్గము లేదు.

కందిపప్పు సంగతి మొదట చెప్పవలెను. పటాన్‌చెరులో 1972లో వెలసిన ఇక్రిశాట్ పరిశోధించు ముఖ్య పంటలలో కంది యొకటి. సంగారెడ్డి ప్రక్కన ఐ.ఐ.టి. ఉన్న ఊరి పేరే కంది. ఇంతటి కంది సీమలో పప్పు ఉడుకదను ఫిర్యాదు ఎందులకు వినవలెను? కారణములు మూడు. మొదటిది పాత పప్పు. వేడి, తేమ గల చోట నెలల కొలది నిలవ ఉన్న గింజ గట్టిపడి, నీరు పీల్చుటకు మొండికేయును. రెండవది బోరునీటి కఠినత్వము. దానిలోని సున్నపు లవణములు గింజ గోడలను గట్టిపరచును. మూడవది తొందరపడి ముందే చింతపులుసు పోయుట. పులుపు తగిలిన పప్పు గంటలు గడచినను మెత్తబడదు. పప్పు మెదిగిన పిమ్మటనే పులుసు పోయవలెను. వంటసోడా వేసినచో త్వరగా ఉడుకును గాని పప్పులోని బి1 విటమిను నశించును, నానబెట్టుట చాలును.

గంట నానిన కందిపప్పును పది నిమిషములు పొంగ తెర్లించి, గంపలో రెండు గంటలు ఉంచినచో చేతితో మెదుపుటకు వచ్చును. మన ప్రాంతము సముద్రమట్టమునకు సుమారు 500 మీటర్ల ఎత్తున ఉన్నందున నీరు 98 డిగ్రీల వద్దనే మరుగును. కావున తీరప్రాంతపు వారు చెప్పు కాలమునకు మరికొంత కలుపుకొనవలెను. నీరు కూడ రోజూ పోయునంత అక్కరలేదు. గంపలో ఆవిరి పోదు గనుక పావు వంతు తగ్గింపవచ్చును.

ఉగాదికి చేయు బక్షాలకు ఈ గంప మరింత అనుకూలము. పూర్ణమునకు శనగపప్పు లోపల ఉడికియుండి, పైకి పలుకు విడువరాదు. ప్రెషరు కుక్కరులో ఒక కూత ఎక్కువైనచో ముద్దయగును. రెండు గంటలు నానిన పప్పును పదిహేను నిమిషములు తెర్లించి, మూడు గంటలు గంపలో పెట్టినచో గింజ గింజగా నిలిచి, వ్రేళ్ళ నడుమ నలుగును. వంచిన కట్టుతో చారు పెట్టుకొనుట ఎటులను కలదు.

మాంసము విషయమున నిదానమే ఉత్తమము. తొడ, జబ్బ, కాళ్ళ మాంసములో నరములు, పొరలు ఎక్కువ. అవి పెద్ద మంటకు బిగిసికొనును. చాలసేపు నిలుచు మితమైన వేడికి కరగి జిగురగును. యాట మాంసమును ఉల్లి, అల్లము, వెల్లుల్లి, కారములతో వేయించి, ముక్క మునుగునట్లు వేడినీరు పోసి, అరగంట బాగుగా తెర్లించవలెను. తరువాత గంపలో మూడు గంటలు చాలును. కాళ్ళ కూరకు అంతకు రెట్టింపు కాలము పట్టును గనుక, మూడు గంటలకు బయటికి తీసి, మరల పది నిమిషములు తెర్లించి, ఇంకొక మూడు గంటలు పెట్టవలెను. చింతచిగురు వంటి పులుపులను చివరనే వేయవలెను. పండుగ పిదప జొన్నగట్కకు కూడ గంప వాడవచ్చును: రవ్వ ఉడికి చిక్కబడు సమయమున దింపి పెట్టినచో రెండు గంటలలో అడుగంటకుండ సిద్ధమగును.

ఉత్తరాది రాష్ట్రములనుండి వచ్చిన కార్మికుల ఇండ్లలో రాజ్మా వండుదురు. దానిని గురించి ఒక హెచ్చరిక అవసరము. పచ్చి రాజ్మా గింజలో వాంతులు, విరేచనములు కలిగించు విషపదార్థము కలదు. తక్కువ వేడిమీద అది నశింపదు. రాత్రియంతయు నానబెట్టి, ఆ నీటిని పారబోసి, క్రొత్త నీటిలో అరగంట పెద్దమంటపై తెర్లించిన తరువాతనే గంపలో గాని ఎలక్ట్రిక్ పాత్రలో గాని పెట్టవలెను. నానిన గింజలను నేరుగా స్లో కుక్కరులో వేయుట ముమ్మాటికి కూడదు.

నీటిని గురించి కూడ ఒక మాట. నక్కవాగు, ఇసుకవాగు పరిసర గ్రామములలో పరిశ్రమల వ్యర్థజలముల వలన భూగర్భజలము చెడిన సంగతి సర్వోన్నత న్యాయస్థానము వరకు వెళ్ళినది. అట్టి బోరునీటిని కాచినంత మాత్రమున అందలి లోహములు, లవణములు పోవు. ఆవిరి పోయినకొలది చిక్కబడును. త్రాగుటకు సరఫరాయగు నీటితోనే వండవలెను.

ఇక అన్నిటికంటె ముఖ్యమైనది ఆరోగ్యము. తెర్లించినపుడు సూక్ష్మజీవులు చచ్చును గాని కొన్నింటి బీజములు మిగిలియుండును. వేడి 60 డిగ్రీలకు దిగిన పిమ్మట అవి మొలకెత్తి పెరుగును. కావున గంపలోని వంటను నాలుగు గంటలకు మించి ఉంచరాదు. తీసిన వెంటనే మరల పొంగ తెర్లించి వడ్డింపవలెను. తీసినపుడు గిన్నె చేతికి గోరువెచ్చగా మాత్రమే తగిలినచో, వాసన బాగున్నను ఆ మాంసమును తినరాదు. రాత్రి పెట్టి తెల్లవారి తీయుదమనుకొనుట పొరపాటు. మిగిలిన అన్నమును, కూరను గంపలో దాచుట అంతకంటె పొరపాటు. గంప వండుటకే గాని నిలవకు కాదు. మిగిలినదానిని వెడల్పు పళ్ళెములలో పలుచగా పరచి, త్వరగా చల్లార్చి, ఫ్రిజ్‌లో పెట్టవలెను. పులిహోరకు వండిన అన్నము సైతము ముద్దగా మూతవేసి గంటల తరబడి ఉంచదగినది కాదు.

సంక్రాంతి చలిలో, కిరాయి గదులలో కొందరు బొగ్గుల కుంపటిపై కూర పెట్టి, తలుపులు బిగించి నిద్రింతురు. బొగ్గునుండి వెలువడు కార్బన్ మోనాక్సైడుకు రంగు లేదు, వాసన లేదు. నిద్రలోనే ప్రాణము తీయును. కుంపటిని ఆరుబయటనే వాడవలెను. గంప గదిలో ఉన్నను భయము లేదు.

వ్యవసాయ విస్తరణాధికారులును, పంచాయతీ కార్యదర్శులును పండుగకు రెండు వారముల ముందు రైతువేదికలో మహిళా సంఘముల ఎదుట దీనిని చేసి చూపింపవచ్చును. మొదట పప్పుతో గాక నీటితో మొదలుపెట్టుట మంచిది. నాలుగు లీటర్ల మరుగునీటిని గిన్నెలో పోసి గంపలో పెట్టి, నాలుగు గంటలకు తీసి, వంటకు వాడు థర్మామీటరుతో చూడవలెను. 60 డిగ్రీలకు పైన ఉన్నచో గంప పనికివచ్చును. తక్కువైనచో గడ్డిని ఇంకను అణచి నింపి, పైమెత్తను మందము చేసి, మరల పరీక్షింపవలెను.