అద్భుతకథలును శ్రవ్యనాటకమును
(ఒక శ్రోత విమర్శనము)

ఆలంకారికులు కావ్యమును దృశ్యమనియు శ్రవ్యమనియు రెండుగా విభజించిరి. నాటకాది రూపకములు దృశ్యములు; పురాణ ప్రబంధాదులు శ్రవ్యములు. ఈ విభాగము జరిగిన నాఁటికి, నటులు మాటలాడుచుండఁగా వారిని జూచుటకు వీలులేని నాటక మొకటి పుట్టునని యెవ్వరు నూహించి యుండరు. నేఁడట్టి నాటకము గలదు. రేడియోనాటకమనియు శ్రవ్యనాటకమనియు దానికిఁ బేళ్లు. గ్రంథము నంతను ఒక్కరే చదివి వినిపించు ఆడియోపుస్తకములును దానికిఁ దోడై వచ్చినవి. మాయలు, రూపపరివర్తనములు, మాటలాడు మృగములు, అప్సరసలు, రాక్షసులు గల యద్భుతకథలు ఈ రెండు విధములఁగూడ వినవచ్చుచున్నవి. కంటికిఁ గనఁబడని నాటకమునఁ గన్ను నమ్మఁజాలని కథ రాణించుటకుఁ గారణ మేమి? ఏ నియమములు పాటించిన నది రాణించును? ఏవి తప్పినఁ జెడును? ఈ విషయమును నాయుడుపేటలో నుండి వినుచున్న యొక శ్రోతగా విచారించుచున్నాను.

1. చెవి కట్టిన కొండ

ఈ ప్రశ్నకు మా సీమ యాచారమే కొంత యుత్తరము చెప్పుచున్నది. నాయుడుపేట పూర్వము నెల్లూరు జిల్లాలోనిది. 2022 ఏప్రిలు నుండి తిరుపతి జిల్లాలోనిది. దీనికిఁ బడమట శ్రీకాళహస్తి. దానికి నావల చిత్తూరు సీమ. ఆ సీమలోని ధర్మరాజు గుళ్లలోను, ద్రౌపదీదేవి గుళ్లలోను జరుగు భారతోత్సవములు ప్రసిద్ధములు. పగలు హరిదాసు భారతకథను గానము చేయును. రాత్రి యా కథయే వీథినాటకముగా నాడఁబడును. ఒకే కథను ఒకే జనులు మొదట విందురు, పిదపఁ జూతురు.

అర్జునుని తపోఘట్టమున నటుఁడు పొడవైన యొక మ్రాను నెక్కును. చూడఁబోయిన నది మ్రానే. అయినను గూడిన జనులు దానిని ఇంద్రకీలాద్రిగానే చూతురు, చేతులు జోడింతురు. ఏలయనఁగా, హరిదాసు పలుకులు విని చెవి యంతకు మునుపే యా కొండను గట్టి యుంచినది. కన్ను దానిని ఎరువు దెచ్చుకొనుచున్నది. అద్భుతరసమునకు మొదటి యాలంబనము చెవియే యనుట కింతకంటె నిదర్శన మక్కఱలేదు. రంగమున నెంత ధనము వెచ్చించి కొండను గట్టినను, దాని యెత్తును జూపఱి కొలిచివేయును. మాటతోఁ గట్టిన కొండకుఁ గొలత లేదు.

2. శ్రవ్యనాటకము వచ్చిన విధము

1924 జనవరి 15వ తేదీని లండను నగరమున బి.బి.సి. వారు రిచర్డు హ్యూసు రచించిన యొక నాటికను బ్రసారము చేసిరి. రేడియోకొఱకే వ్రాయఁబడిన తొలినాటికలలో నది ప్రసిద్ధము. బొగ్గుగనిలో దీపము లాఱిపోఁగాఁ జిక్కుకొన్న వారి కథ యది. పాత్రలు చీఁకటిలో నున్నవి. శ్రోతయుఁ జీఁకటిలో నున్నాఁడు. చూడలేకపోవుట లోపము గాక కథలోని యంగమే యయ్యెను. ఈ క్రొత్తకళకు మూలసూత్ర మిదియే: లేని కంటికై వగవక, లేమినే కథకు సాధనముగాఁ జేసికొనవలెను.

మన దేశమున గ్రామఫోను పలకలపైఁ బౌరాణిక నాటక ఘట్టములు వినుట జనుల కలవాటైన పిదప రేడియో వచ్చెను. 1938 జూను 16వ తేదీని మదరాసు కేంద్రము ప్రారంభమయ్యెను. తెలుఁగువారికిఁ దొలినాళ్ల రేడియోనాటకములు వినిపించిన దదియే. 1948 డిసెంబరు 1వ తేదీని విజయవాడ కేంద్రము వెలసెను. 1950లో హైదరాబాదు కేంద్రము ఆకాశవాణిలోఁ జేరెను. నేఁడు దాసుభాషితము వంటి సంస్థలు తెలుఁగు గ్రంథములను శబ్దరూపమున వెలువరించుచుండఁగా, జనులు సెల్‌ఫోనులో వినుచున్నారు.

ఈ రెండు విధములకును బూర్వరూపములు మన శాస్త్రమునఁ గలవు. దశరూపకములలో భాణ మొకటి. అందొక్కఁడే పాత్రధారి, ఎదుట లేనివారి మాటలను దానే యాకాశభాషితముగా విని, తానే మరల చెప్పి, బదులు పలుకును. ఆడియోపుస్తకమును జదువువాఁడు ఇట్టి భాణనటుఁడు. తెరలోనివారు పలుకఁగాఁ గథాంశము తెలియుట చూళిక. శ్రవ్యనాటకమన్ననో యాద్యంతము చూళికయే. తెర యెన్నఁడును దొలఁగదు.

3. రూపము మాఱిన కంఠము మాఱునా?

అద్భుతకథలలో నెల్లఁ గష్టమైన ఘట్టము రూపపరివర్తనము. పింగళి సూరనార్యుని కళాపూర్ణోదయమునఁ గలభాషిణి రంభ రూపమును, మణికంధరుఁడు నలకూబరుని రూపమును బొందుదురు. పిదప నిజమైన రంభ వచ్చి మాయారంభతోఁ గలహించును. దీనిని రంగమునఁ బ్రదర్శింపవలెనన్న నొకే పోలిక గల యిద్దఱు నటీమణులు కావలెను. అట్టివారు దొరకినను జూపఱి దృష్టి వారి పోలికలోని లోపములను వెదకుటయందే లగ్నమగును. శ్రవ్యనాటకమున నీ చిక్కు లేదు గాని మఱియొకటి కలదు. ఇద్దఱికి నొకే కంఠమైన నెవరు పలుకుచున్నారో తెలియదు. వేఱు కంఠములైన మోసపోయిన పాత్రలు చెవిటివారని యెంచవలసి వచ్చును.

ఈ చిక్కునకు మేలైన పరిష్కారము 1957లో వెలువడిన మాయాబజారు చలనచిత్రమునఁ గలదు. ఘటోత్కచుఁడు శశిరేఖ రూపము దాల్చినప్పుడు సావిత్రి గారే యా పాత్రను ధరించిరి. అందలి పెండ్లిపాటను సుశీల గారును ఘంటసాల గారును బాడిరి; పడుచు గొంతుక సాగుచుండఁగా నడుమ రాక్షసుని మగకంఠము పైకి వచ్చును. ఈ చిత్రముల శబ్దభాగమును మాత్రము సంక్షిప్త శబ్దచిత్రముగా రేడియోలో వినిపించుట యాచారమై యుండెను. అట్లు వినునపుడు సావిత్రి గారి హావభావములు కనఁబడవు. అయినను మాయాశశిరేఖ లోపల నెవరున్నారో శ్రోతకుఁ దెలియును. కావున నేనేర్పఱచుకొన్న నియమ మిది: రూపమును గంఠము చెప్పవలెను, జీవుని గాకువు చెప్పవలెను. కంఠ మొక్కటియే యైనను, పలుకు తీరు లోపలి వానిదై యుండవలెను.

4. కాకువు

కాకువనఁగా స్వరభేదము. భరతముని దీనికై విపులమైన శాస్త్రము చెప్పెను. స్వరమునకు ఉరస్సు, కంఠము, శిరస్సు అని మూఁడు స్థానములు. దూరముననున్నవానిని బిలుచునపుడు శిరఃస్థానము, కొలఁది దూరమునకుఁ గంఠస్థానము, ప్రక్కనున్నవానితో నురఃస్థానము వాడవలెను. ఉచ్చము, దీప్తము, మంద్రము, నీచము, ద్రుతము, విలంబితము అని పాఠ్యమున కాఱలంకారములు. రంగస్థలికై చెప్పిన యీ విధి మైక్రోఫోను నెదుట మఱింత యుపయోగపడును. ఏలయనఁగా శ్రోతకు దూరమును దెలుపునది కంఠ మొక్కటియే. మైక్రోఫోను శ్రోత చెవి వంటిది. దానికి మిక్కిలి చేరువగా నిలిచి శిరఃస్థానమునఁ గేకలు వేసిన, వినువాఁ డులికిపడును గాని రాక్షసుని జూడఁడు.

ఇటీవల నేను విన్న యొక జానపదకథా గ్రంథమునఁ జదువరి ప్రతి రాక్షసునిచేతను గర్జింపఁజేసెను, ప్రతి ముదుసలిచేతను వణకింపఁజేసెను. తొలి గర్జనమునకు భయము గలిగెను; అయిదవదానికి విసుగు గలిగెను; పదవదానికి వినుట మానితిని. హరిదాసు లిట్లు చేయరు. పాత్ర మాఱునపుడు తల కొంచెము త్రిప్పి, స్థాయి కొంచెము మార్చి, తక్కినది శ్రోతకు విడుతురు. ఒక్కరు చదువు గ్రంథమున సూచన చాలును. అనుకరణ మధికమైనఁ గథకుఁడు విదూషకుఁ డగును.

దీనికి మేలైన యుదాహరణము చలము గారి పురూరవ. హైదరాబాదు కేంద్రమునుండి వినవచ్చిన యీ నాటకమున నూర్వశిగా శారదా శ్రీనివాసన్ గారు పలికిరి. అప్సరసకుఁ దగిన భూషణములు లేవు, నృత్యము లేదు. ఆమె దివ్యత్వ మంతయుఁ గంఠముననే యుండవలెను. ఆ కంఠమున నున్నది బిగ్గఱతనము గాదు; మానవుని తొందరపాటు లేని తీరికయు, అతని బాధను దవ్వునుండి చూచు మృదుత్వమును. నవ్వునకును బలుకునకును నడుమ నామె విడిచిన మౌనమే మనకు స్వర్గమునకును భూమికిని గల దూరమును దెలుపును.

5. సాలెపురుగు, సర్పము, ఏనుఁగు

ఇఁకఁ గంఠము గాక తక్కిన ధ్వనుల మాట. మా యూరి ప్రక్కగాఁ బాఱు స్వర్ణముఖి శ్రీకాళహస్తిని దాఁటి వచ్చినది. అచ్చటి స్థలకథ ధూర్జటి కావ్యముచేతఁ దెలుఁగువారి కెల్ల విదితము. సాలెపురుగు శివునికి దారములతో గుళ్లు గోపురములు నేసెను. దీపజ్వాల వానిని గాల్పఁగా నా జ్వాలనే మ్రింగఁబోయెను. సర్పము మణులతోఁ బూజించెను. ఏనుఁగు వానిని ద్రోసి నీటితోను బత్తిరితోను బూజించెను. తుదకు సర్పము తొండమునఁ జొచ్చెను, ఏనుఁగు తల మోఁదుకొనెను, రెండును శివసాయుజ్యమందెను. దీనిని శ్రవ్యనాటకముగాఁ జేయ సంకల్పించినవాఁ డేమి చేయవలెను?

ఏనుఁగు సులభము. అడుగుల చప్పుడు, తొండమునుండి నీరు పడుట, ఆకులు రాలుట చాలును. సర్ప మంతకంటె మేలు. అది తొండమునఁ జొచ్చిన పిదప, వెలుపల నిలిచినవాఁడు చూచునది యేనుఁగు బాధ మాత్రమే; చెవి యన్ననో లోపలి బుసను, ఊపిరాడక తొట్రుపడు నిశ్వాసమును వినఁగలదు. కన్ను చొరఁజాలని చోటికిఁ జెవి చొచ్చును.

సాలెపురుగు కడనే పరీక్ష. నేయుట వినఁబడదు. ఇచట వీణామీటును జేర్చుట పలువురకుఁ దోఁచు నుపాయము; కాని యది దారపు సన్నఁదనమును దెలుపదు, వాద్యమునే తెలుపును. పాత్రచేతనే "ఇదిగో గోపురము నేయుచున్నాను" అని చెప్పించుట మఱింత చెడ్డది. తాను జేయు పనిని దానే వర్ణించుకొను పాత్ర శ్రవ్యనాటకమున సామాన్యదోషము. ఇచట ధ్వనుల నన్నిటి నాఁపి, కథకుఁడు మెల్లఁగాఁ గవిమాట చదువవలెను. తరువాత వత్తి చిటపట యొక్కటి చాలును. ధ్వని చేయలేనిది మాట చేయును; మాట చేయలేనిది మౌనము చేయును.

6. పూర్వపక్షము

శ్రవణము పఠనమునకుఁ దక్కువయని కొంద ఱందురు. ఇందుఁ గొంత సత్యము గలదు. శ్లేషలు, చిత్రకవిత్వము, దీర్ఘసమాసములు గల ప్రబంధ భాగములు ఒక్కసారి వినిన నందవు. అట్టివానికిఁ బుస్తకమే శరణ్యము. కాని కథకు శ్రవణము తక్కువ గాదు. జనమేజయుఁడు భారతమును వినెను. పరీక్షిత్తు భాగవతమును వినెను. మధిర సుబ్బన్న దీక్షితుల కాశీమజిలీ కథలలో యతి మజిలీ మజిలీకిఁ గథ చెప్పఁగాఁ బశులకాపరి బాలుఁడు వినుచు నడచును. వినుటవలన దారిశ్రమ తగ్గుటయే గాక, యేఁటి వింతకును వెనుక నొక కథ యుండునని యతఁడు నేర్చును. చూపులేనివారికిని, అక్షరములు రానివారికిని ఆడియోపుస్తకమే గ్రంథాలయము.

7. పండితుల కర్తవ్యము

అయినచో మన కిందుఁ గర్తవ్య మేమి? ముద్రితగ్రంథమునఁ దప్పున్నఁ జదువరి పోల్చి సవరించుకొనఁగలఁడు. వినువానికి మూలము కనఁబడదు. చదివినవాని నోటిమాటయే మూలము. శకారము సకారమైన శంకరుఁడు సంకరుఁ డగును; ళకారము లకారమైనఁ గళ కల యగును. విరామము తప్పుచోఁ బడినఁ బదవిభాగము మాఱి కథయే మాఱును. కథను బుస్తకమునఁ జదువకముందే చెవితో వినుచున్న బాలు రనేకులు గలరు. వారి చెవిలోఁ బడిన తొలి తప్పు పాఠశాలలో దిద్దుట కష్టము.

కావున అచ్చుపుస్తకములను విమర్శించునట్లే శబ్దగ్రంథములను బండితులు విమర్శింపవలెను. పరిష్కర్త పేరు, అనుసరించిన ప్రతి పేరు మొదట వినిపింపవలెనని కోరవలెను. బడిలో వారమున కొక్క గడియ యొక కథను వినిపించి, విన్నదానిని బిల్లలచేత మరల చెప్పింపవలెను. పద్యములను జదువు తీరు గురుముఖమున నేర్చినవారు, తమ కంఠము లుండఁగానే వానిని శబ్దరూపమున నిలుపవలెను. వీనిలో నేదియు నధిక వ్యయముతోఁ గూడినది గాదు.

ఒక్క నిదర్శనముతో విరమించెదను. మా సీమలో జనులు వాడుకలో "కాళహస్తి" యందురు. "శ్రీ" యనునది గౌరవార్థకమని యెంచి, చదువువారు దానిని విడఁదీసి విరామ మిత్తురు. ఆ శ్రీ గౌరవవాచకము గాదు, అదియే సాలెపురుగు. కాళము సర్పము, హస్తి యేనుఁగు. మూఁటిలోఁ జప్పుడు లేని భక్తురాలు పేరునుండియే జాఱిపోవుచున్నది. ఒక్క క్షణపు తప్పు విరామమున నొక జన్మపుఁ దపస్సు వినఁబడకపోవును. దానిని వినిపించుట చదువువాని పని; వినఁబడినదో లేదో చూచుట మన పని.