రాబందులు పోయిన చోట

చవకైన ఓ నొప్పి మందు ఆహార గొలుసులో ఒక లంకెను తెంచింది. అందుకు మూల్యం చెల్లించింది మనుషులు

ఊళ్లో ఎద్దు చనిపోతే ఒకప్పుడు చేయాల్సిన పని పెద్దగా ఉండేది కాదు. తోలు ఒలిచి కళేబరాన్ని ఊరి బయట పడేస్తే చాలు. కాసేపటికి ఆకాశంలో ఒక రాబందు, దాని వెనకే పదులకొద్దీ. గుంపు దిగిందంటే చివరికి మిగిలేది ఎముకలే. జీతం, వాహనం, బడ్జెట్ ఏవీ అక్కర్లేని ఈ పారిశుధ్య సిబ్బంది 1980లలో దేశంలో కోట్ల సంఖ్యలో ఉండేవని అంచనా.

1990లలో ఆ సిబ్బంది మాయమైపోవడం మొదలైంది. రాజస్థాన్‌లోని భరత్‌పూర్ పక్షి అభయారణ్యంలో రాబందులు మెడలు వాల్చి కూర్చోవడం, చెట్ల కింద చచ్చిపడి ఉండడం బాంబే నేచురల్ హిస్టరీ సొసైటీ శాస్త్రవేత్త విభు ప్రకాశ్ గమనించారు. 1992-2007 మధ్య తెల్లవీపు రాబందుల సంఖ్య 99.9 శాతం పడిపోయింది. పొడవు ముక్కు, సన్న ముక్కు రాబందులు దాదాపు 97 శాతం తగ్గాయి. మొదట ఏదో వైరస్ అనుకున్నారు. అసలు కారణాన్ని పాకిస్థాన్‌లో పరిశోధన చేసిన లిండ్సే ఓక్స్ బృందం 2004లో ప్రకటించింది: పశువులకు ఇచ్చే నొప్పి మందు డైక్లోఫెనాక్.

రైతు వైపు నుంచి చూస్తే ఇందులో తప్పేమీ లేదు. కుంటుతున్న ఎద్దు లేచి నడవాలి, పొదుగు వాపు వచ్చిన గేదె మళ్లీ పాలివ్వాలి. మందు చవక, పశువుకు హాని లేదు. అయితే ఇంజెక్షన్ చేసిన ఒకటి రెండు రోజుల్లో ఆ పశువు చనిపోతే దాన్ని తిన్న రాబందు మూత్రపిండాలు పాడవుతాయి. యూరిక్ ఆమ్లం లోపలి అవయవాలపై సుద్దలా పేరుకుని పక్షి చనిపోతుంది. ఒక్క కళేబరం మీద పదుల రాబందులు వాలతాయి కాబట్టి, నూటికి ఒకటి కన్నా తక్కువ కళేబరాల్లో మందు ఉన్నా ఇంతటి పతనానికి సరిపోతుందని శాస్త్రవేత్తలు లెక్కగట్టారు.

తిండి మిగిలితే తినేవాళ్లు వస్తారు. రాబందుల వాటా వీధి కుక్కలకు దక్కింది. 1992-2006 మధ్య కుక్కల సంఖ్య అదనంగా 55 లక్షలు పెరిగి ఉంటుందని, వాటి కాట్లతో రేబిస్ సోకి సుమారు 48 వేల మంది మరణించి ఉంటారని 2008లో ఒక అధ్యయనం అంచనా వేసింది. కుళ్లే కళేబరాలు నీటినీ కలుషితం చేస్తాయి. రాబందులు ఎక్కువగా ఉండిన జిల్లాలను, లేని జిల్లాలను పోల్చిన ఆర్థికవేత్తలు ఏయల్ ఫ్రాంక్, అనంత్ సుదర్శన్ 2024లో ప్రచురించిన అంచనా మరీ భయంకరం: 2000-2005 మధ్య 5 లక్షల అదనపు మరణాలు.

పశువులకు డైక్లోఫెనాక్ వాడకాన్ని భారత్, నేపాల్, పాకిస్థాన్ 2006లో నిషేధించాయి. అప్పటికే మెలాక్సికామ్ రూపంలో సురక్షితమైన ప్రత్యామ్నాయం ఉంది. అయినా మనుషుల కోసం తయారైన పెద్ద సీసాలు పశువుల పాకలకు చేరుతూనే వచ్చాయి. వాటికి భారత్‌లో అడ్డుకట్ట పడింది 2015లో. మరోపక్క రాబందులకు అంతే ప్రమాదకరమైన కీటోప్రొఫెన్, పశువు శరీరంలో డైక్లోఫెనాక్‌గా మారే ఎసిక్లోఫెనాక్ మార్కెట్లో ఉండిపోయాయి. కీటోప్రొఫెన్‌ను బంగ్లాదేశ్ 2021లోనే నిషేధించగా, భారత్ ఆ రెండింటినీ నిషేధించడానికి 2023 దాకా పట్టింది.

అసలు లోపం ఈ వరుసలోనే ఉంది. మందు ముందు అమ్మకానికి వస్తుంది, పక్షులు చచ్చాక పరీక్షలు, ఆ తర్వాతెప్పుడో నిషేధం. పశువుకిచ్చే ప్రతి నొప్పి మందునూ, ఆ పశువును చివరికి తినే జీవికి హాని చేస్తుందో లేదో తేల్చాకే అనుమతించాలి. అది పక్షి ప్రేమికుల కోరిక మాత్రమే కాదు, ప్రజారోగ్య అవసరం.

హర్యానాలోని పింజోర్ కేంద్రంలో రాబందులను పెంచుతున్నారు. తెలంగాణలో బెజ్జూరు అడవుల్లోని పాలరాపు గుట్టపై 2013లో పొడవు ముక్కు రాబందుల గూళ్లు కనిపించినప్పుడు ఆశలు చిగురించాయి. కానీ రాబందు జతకట్టే వయసుకు రావడానికే సుమారు ఐదేళ్లు పడుతుంది. ఆ తర్వాత పెట్టేది ఏడాదికి ఒక్క గుడ్డు. పదిహేనేళ్లలో పోగొట్టుకున్నదాన్ని ఆ లెక్కన తిరిగి తెచ్చుకోవాలి.