పాత పిస్తోళ్లు, సైలెన్సర్లు: ఏలూరు, తాడేపల్లిగూడెం, కొల్లేటి ప్రాంతాలకు వర్తించే చట్ట నిబంధనలు

తాత తండ్రుల కాలంలో లైసెన్సుపై కొన్న చిన్న పిస్తోలు ఒకటి ఇనప్పెట్టె అడుగున దశాబ్దాలుగా ఉండిపోవడం, యజమాని మరణానంతరం అది వారసుల కంటబడడం గోదావరి, కృష్ణా డెల్టాలలోని పాత కుటుంబాలకు కొత్త విషయమేమీ కాదు. భూస్వాములు, వర్తకులు, రైసుమిల్లుల యజమానులు ఆత్మరక్షణ నిమిత్తం ఇట్టి ఆయుధాలను పొందేవారు. ఇటీవలి కాలంలో వీటిని పురాతన వస్తువులుగా సేకరించవలెనన్న ఆసక్తియు, విదేశీ చలనచిత్రాల ప్రభావంతో వాటికి సైలెన్సరు అమర్చుకొనవచ్చునా అన్న కుతూహలమును కొందరిలో కనబడుతున్నవి. ఈ రెండు విషయాలలోను ప్రజలలో ఉన్న అపోహలు నిరపరాధులను సైతం కారాగారం వరకు తీసుకొనిపోగలవు. విలేకరులు, క్షేత్రస్థాయి అధికారుల సౌకర్యార్థం సంబంధిత చట్ట నిబంధనలను ఇక్కడ వివరించడమైనది.

ఈ పిస్తోళ్లలో అధికభాగం .32, .25 బోరులవి. అమెరికా దేశీయుడైన జాన్ బ్రౌనింగ్ రూపొందించగా బెల్జియంలోని ఎఫ్.ఎన్. కర్మాగారం గత శతాబ్ది తొలి సంవత్సరాలలో తయారుచేసిన 7.65 మిల్లీమీటర్ల పిస్తోలు ఈ కోవకు ఆద్యమని చెప్పవచ్చును. ఐరోపాలో 7.65 మి.మీ. అని, ఇంగ్లీషు లెక్కలో .32 అని వ్యవహరించేది ఒకే తూటాను. 1903 నాటి కోల్ట్ పాకెట్ పిస్తోలు, బర్మింగ్‌హామ్‌లోని వెబ్లీ అండ్ స్కాట్ సంస్థ పిస్తోలు అదే తరానికి చెందినవి. వెబ్లీ వారి .32 పిస్తోలును లండను మహానగర పోలీసులు 1911లో స్వీకరించారు. 1980 దశకం మధ్యలో విదేశీ తుపాకుల వాణిజ్య దిగుమతి నిలిచిపోవడంతో, అంతకు పూర్వం దేశంలోనికి వచ్చిన ఈ ఆయుధాలకు వాటి వాస్తవ విలువకు మించిన ధర ఏర్పడినది. సేకరణ అభిరుచి అని చెప్పబడే దాని వెనుక అనేక సందర్భాలలో ఉన్నది ఈ ధరయే.

బోరు చిన్నదైనంత మాత్రాన ఆయుధం చట్టం దృష్టిలో స్వల్పమైనది కాదు. 1959 నాటి ఆయుధ చట్టం 1962 అక్టోబరు 1 నుండి అమలులో ఉన్నది. దాని క్రింద 2016లో జారీ అయిన ఆయుధ నియమావళి మొదటి షెడ్యూలు తుపాకులను వర్గాలుగా విభజించినది. సాధారణ .32, .25 పిస్తోళ్లు మూడవ వర్గంలోనివి. వీటికి జిల్లా మేజిస్ట్రేటు హోదాలో కలెక్టరు లైసెన్సు మంజూరు చేస్తారు. సైనిక దళాలు వాడిన .380, .455 రిమ్ముగల తూటాలను గాని, సర్వీసు 9 మి.మీ. తూటాను గాని పేల్చగల పిస్తోళ్లు, రివాల్వర్లు మొదటి వర్గంలో చేరినవి. రెండవ ప్రపంచ యుద్ధ కాలంలో బ్రిటిషు వారు తాడేపల్లిగూడెంలో విమానాశ్రయం నిర్మించిన సంగతి తెలిసినదే. ఆ యుద్ధకాలపు సర్వీసు రివాల్వరు ఏదైనా ఎవరి ఇంటనైనా బయటపడినచో, దానిని పక్కింటివారి .32 పిస్తోలుతో సమానంగా భావించి దరఖాస్తు చేయరాదు. గొట్టంపై చెక్కిన తూటా కొలతయే ఆ రెంటికి గల భేదాన్ని నిర్ణయిస్తుంది.

పాతదైతే లైసెన్సు అక్కరలేదా?

అధికారులకు తరచు ఎదురయ్యే వాదన ఇది. ఆయుధ చట్టం 45వ సెక్షను కొన్ని ఆయుధాలకు మినహాయింపు ఇచ్చిన మాట నిజమే. అయితే ఆ సెక్షనును సగం చదివి ఊరుకొనేవారే ఎక్కువ. వాడుక తప్పిన నమూనాకు చెందినదైనను, పురావస్తు విలువ గలదైనను, చెడిపోయినదైనను, మరమ్మతు చేసినను చేయకున్నను తుపాకీగా ఉపయోగించుటకు వీలులేనిదై ఉన్నప్పుడే మినహాయింపు వర్తిస్తుంది. తుప్పుపట్టి గుర్రం కదలని పిస్తోలును కూడ ఒక స్ప్రింగు మార్చి పేల్చగలిగినచో అది చట్టం దృష్టిలో తుపాకీయే. నూరేళ్లనాటి బ్రౌనింగు పిస్తోళ్లు నేటికిని పనిచేస్తున్నవి. వాటి తూటాలు నేటికిని తయారగుచున్నవి. కనుక వయస్సు ఒక్కటే రక్ష కాజాలదు.

కేంద్ర హోం మంత్రిత్వ శాఖ 2020 ఫిబ్రవరి 12న జారీచేసిన సవరణ మరొక వెసులుబాటు కల్పించినది. నియమావళిలోని క్యూరియో తరగతికి చెందిన చిన్న ఆయుధాలను పొందుటకు, కలిగి ఉండుటకు భారత పౌరులకు లైసెన్సు అవసరం లేదు. అయితే వాటిని వాడవలెనన్నా, వెంట తీసుకొనిపోవలెనన్నా, ఒక చోటినుండి మరొక చోటికి తరలించవలెనన్నా తగిన లైసెన్సు ఉండి తీరవలె. యజమాని లైసెన్సులో ఆ ఆయుధం నమోదు కానిదే దానికి తూటాలు అమ్మరాదు. తాడేపల్లిగూడెంలో కొన్న పిస్తోలును ఏలూరు ఇంటికి సంచిలో వేసుకొని రావడం తరలింపు క్రిందకే వస్తుంది. తన ఆయుధం ఈ తరగతికి చెందునో లేదో యజమాని స్వయంగా తీర్మానించుకొనుట క్షేమం కాదు. లైసెన్సింగు అధికారి నుండి లిఖితపూర్వకంగా తెలుసుకొనుట మేలు. వందేళ్లు దాటిన చారిత్రక ప్రాధాన్యం గల ఆయుధమైనచో 1972 నాటి పురావస్తువులు, కళానిధుల చట్టం కూడ వర్తించవచ్చును. అట్టి వస్తువులను ప్రైవేటు వ్యక్తులు దేశం దాటించరాదు.

సైలెన్సరు ఉపకరణం కాదు, తుపాకీయే

మన వాడుకలో సైలెన్సరు అనగానే మోటారు సైకిలు పొగగొట్టం స్ఫురిస్తుంది. పెద్దశబ్దం చేసే సైలెన్సర్లను పోలీసులు రోడ్డు రోలరుతో తొక్కించిన వార్తలు పత్రికలలో వచ్చుచుండును. అందువలన తుపాకీ సైలెన్సరును కూడ ఏదో విడిభాగంగా భావించే ప్రమాదం కలదు. దీనికి తొలి విజయవంతమైన నమూనా రూపొందించి 1909లో పేటెంటు పొందినవాడు హైరం పెర్సీ మాక్సిం. మర తుపాకీని కనిపెట్టిన మాక్సింకు ఇతడు కుమారుడు. తండ్రి చేసిన చప్పుడును కొడుకు అణచబూనినాడని చమత్కరించేవారు లేకపోలేదు. నిజానికి ఈ సాధనం శబ్దాన్ని తగ్గించగలదే గాని సినిమాలలో చూపినట్లు పూర్తిగా మాయం చేయలేదు.

భారతీయ చట్టం ఈ విషయంలో ఎట్టి సందిగ్ధానికి తావివ్వలేదు. ఆయుధ చట్టం 2వ సెక్షనులో తుపాకీకి ఇచ్చిన నిర్వచనంలోనే, పేల్చినప్పుడు వెలువడే శబ్దాన్ని గాని మెరుపును గాని తగ్గించుటకు ఉద్దేశించిన ఉపకరణాలను చేర్చడం జరిగినది. అనగా పిస్తోలు లేకుండా సైలెన్సరు ఒక్కటే దొరికినను చట్టరీత్యా తుపాకీ దొరికినట్లే. నియమావళి షెడ్యూలులో దాని స్థానం .32 పిస్తోలు ఉన్న మూడవ వర్గంలో కాదు, నిషేధిత ఆయుధాలున్న మొదటి వర్గంలో. పిస్తోలుకు సక్రమమైన లైసెన్సు ఉన్నందువలన సైలెన్సరుకు ఏ హక్కు సంక్రమించదు.

లైసెన్సు లేకుండా తుపాకీ కలిగి ఉన్నందుకు 2019 సవరణ ప్రకారం రెండేళ్లకు తగ్గకుండా ఐదేళ్ల వరకు జైలుశిక్ష, జరిమానా విధించవచ్చును. అనుమతి లేకుండా తయారుచేసినను, మార్పుచేసినను, మరమ్మతు చేసినను శిక్ష ఏడేళ్లకు తగ్గదు, యావజ్జీవం వరకు పోవచ్చును. ఈ రెండవ నిబంధన యజమానితో ఆగదు. రైసుమిల్లుల, ట్రాక్టర్ల పనులు చేసుకొనే లేతు పనివాడు ఎవరో తెచ్చిన కొలతలకు గొట్టం తయారుచేసి ఇచ్చినచో, కూలి రెండు వందలైనను రెండు వేలైనను, శిక్షకు పాత్రుడగును. ఈ సంగతి లేతు యజమానులలో పలువురికి తెలియదు. తెలియదన్న సమాధానాన్ని న్యాయస్థానం అంగీకరించదు.

మన ప్రాంతం నుండి అమెరికాలో స్థిరపడిన కుటుంబాలు అనేకం ఉన్నందున మరొక విషయం చెప్పవలసి ఉన్నది. ఆ దేశంలో అత్యధిక రాష్ట్రాలలో పౌరులు సైలెన్సరు కలిగి ఉండవచ్చును. 1934 నుండి అక్కడ దీనిపై 200 డాలర్ల పన్ను ఉండేది. 2025లో చేసిన చట్టం ప్రకారం 2026 జనవరి 1 నుండి ఆ పన్ను సున్నా అయినది, రిజిస్ట్రేషను మాత్రం కొనసాగుచున్నది. ఫిన్లాండు, నార్వే దేశాలలో వేటగాళ్లు చెవుల రక్షణకై దీనిని వాడుదురు. అక్కడ చట్టబద్ధంగా కొన్నదే అయినను లైసెన్సు లేకుండా సామానులో పెట్టుకొని వచ్చుట గాని, పార్సిలుగా తెప్పించుకొనుట గాని ఇక్కడ శిక్షకు దారితీయును.

కొల్లేటి చుట్టూ పది కిలోమీటర్లు

ఆయుధ చట్టంతో పాటు మరొక చట్టం వర్తించే ప్రదేశం కొల్లేరు. సుమారు 308 చదరపు కిలోమీటర్ల సరస్సు ప్రాంతాన్ని 1999లో వన్యప్రాణి అభయారణ్యంగా ప్రకటించడం జరిగినది. 2002లో రాంసర్ ఒడంబడిక క్రింద అంతర్జాతీయ ప్రాధాన్యం గల చిత్తడి నేలగా గుర్తింపు లభించినది. కైకలూరు సమీపంలోని ఆటపాకలో అటవీశాఖ నిలిపిన ఇనుప స్టాండ్లపై గూడబాతులు గూళ్లు కట్టుకొని పిల్లలను పొదుగుచున్నవి.

1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం 31వ సెక్షను ప్రకారం ముందస్తు లిఖితపూర్వక అనుమతి లేనిదే ఎవరును ఆయుధంతో అభయారణ్యంలో ప్రవేశించరాదు. ఆయుధ లైసెన్సు ఈ అనుమతికి ప్రత్యామ్నాయం కాదు. ఇక్కడ ఆయుధమనగా తుపాకీయే కాదు. వల, ఉచ్చు, విషం, జంతువును చంపగల ఏ పరికరమైనను ఆ నిర్వచనంలోనికి వచ్చును. పక్షులపై ప్రయోగించే ఎయిర్‌గన్నుకు సాధారణ పరిమితిలో, అనగా 20 జౌల్సు శక్తికి, .177 అంగుళాల బోరుకు మించనంతవరకు, ఆయుధ లైసెన్సు అవసరం లేకపోవచ్చును. అయినను దానిని పడవలో వేసుకొని కొల్లేటిలోనికి పోవుట నేరమే.

అధికారులు సైతం విస్మరించే అవకాశమున్నది 34వ సెక్షను. అభయారణ్యంలోను, దాని సరిహద్దునుండి పది కిలోమీటర్ల లోపలను నివసించే లైసెన్సుదారులు తమ పేర్లను అటవీశాఖ అధికారి వద్ద నమోదు చేయించుకొనవలె. ఆ పరిధిలో కొత్త ఆయుధ లైసెన్సులను ముఖ్య వన్యప్రాణి సంరక్షణాధికారి ముందస్తు సమ్మతి లేనిదే మంజూరు చేయరాదు. తాడేపల్లిగూడెం పట్టణం ఈ పరిధికి చాల దూరంగా ఉన్నది. కైకలూరు, ఆకివీడు పరిసర గ్రామాలు, ఏలూరుకు దక్షిణాన ఉన్న లంక గ్రామాల విషయంలో మాత్రం దరఖాస్తుదారుని నివాసాన్ని అభయారణ్య సరిహద్దు పటంతో సరిచూచిన పిమ్మటనే ఫైలును ముందుకు నడపవలె.

అభయారణ్యంలో వేటాడినందుకు 2022 సవరణ దరిమిలా మూడేళ్లకు తగ్గకుండా ఏడేళ్ల వరకు జైలు, 25 వేల రూపాయలకు తగ్గని జరిమానా కలవు. నేరానికి వాడగా స్వాధీనం చేసుకొన్న ఆయుధం, వాహనం, పడవ ప్రభుత్వ ఆస్తి అగునని 39వ సెక్షను చెప్పుచున్నది. చెట్టూ గుట్టా అడ్డులేని నీటి మైదానంలో తుపాకీ మోత చాల దూరం వినవచ్చును. అంత విశాలమైన సరస్సులో అటవీ సిబ్బందికి వేట జాడ తెలియుటకు రాత్రివేళ ఆ మోతయే ఆధారం. సైలెన్సరు అణచివేయునది ఆ ఆధారాన్నే గనుక కొల్లేటి ప్రాంతంలో దానిని తేలికగా తీసుకొనుటకు వీలులేదు.

వారసులు చేయవలసినది

లైసెన్సుదారు మరణించిన ఇంటిలో తుపాకీ ఉన్నచో జాప్యం లేకుండా సమీప పోలీసు స్టేషనులో గాని లైసెన్సు గల ఆయుధ వ్యాపారి వద్ద గాని జమచేసి రసీదు పొందవలె. 21వ సెక్షను ఇందుకు వీలు కల్పించుచున్నది. జమచేసినంత మాత్రాన హక్కు పోదు. నిర్ణీత గడువులోగా వారసుడు లైసెన్సు పొంది తిరిగి తీసుకొనవచ్చును, లేదా అమ్ముకొనవచ్చును. లైసెన్సుదారు జీవించి ఉండగనే, అతనికి డెబ్బై ఏళ్లు నిండినను ఆయుధం పొంది ఇరవై ఐదేళ్లు గడచినను, తాను నామినేటు చేసిన వారసునికి బదిలీ చేయించుటకు 2016 నియమావళి 25వ నియమం అవకాశమిచ్చినది. వృద్ధ లైసెన్సుదారులు ఈ మార్గాన్ని వినియోగించుకొనినచో మరణానంతరం కుటుంబ సభ్యులకు, ముఖ్యంగా ఆ పెట్టెలో ఏమున్నదో ఎరుగని స్త్రీలకు, చిక్కులు తప్పును.

2019 సవరణ ఒక వ్యక్తి కలిగి ఉండగల తుపాకుల సంఖ్యను మూడునుండి రెండుకు తగ్గించినది. వారసత్వంగా వచ్చినవి సైతం ఈ పరిమితికి లోబడినవే. మూడవ దానిని అప్పగించుటకు ఇచ్చిన ఏడాది గడువు 2020 డిసెంబరులోనే ముగిసినది. ఇంకను మూడు ఉంచుకొన్నవారు లైసెన్సు పుస్తకంలో మూడును నమోదై ఉన్నవి గదా అని ధైర్యపడరాదు.

2022 ఏప్రిల్ 4న జిల్లాల పునర్వ్యవస్థీకరణ జరిగిన పిమ్మట రికార్డుల విషయంలో కొంత జాగ్రత్త అవసరమైనది. తాడేపల్లిగూడెం, భీమవరం కేంద్రంగా గల పశ్చిమ గోదావరి జిల్లాలో ఉన్నది గాని అక్కడివారి పాత లైసెన్సులు ఏలూరు కలెక్టరేటు నుండి జారీ అయినవి. అప్పటివరకు కృష్ణా జిల్లాలో ఉన్న కైకలూరు వారి పుస్తకాలపై మచిలీపట్నం కలెక్టరేటు ముద్ర ఉండును. పాత ముద్ర ఉన్న కారణంగా లైసెన్సును బోగస్‌గా అనుమానించుట సరికాదు. జాతీయ ఆయుధ లైసెన్సుల డేటాబేసులో దాని విశిష్ట గుర్తింపు సంఖ్యను పరిశీలించినచో నిజం తెలియగలదు.

ఇట్టి కేసులను నివేదించే విలేకరులు పట్టుబడిన ఆయుధం బోరును, నాటు తుపాకీయా కర్మాగార ఉత్పత్తియా అన్న విషయాన్ని, నమోదైన సెక్షన్లను పేర్కొనినచో పాఠకులకు స్పష్టత కలుగును. 3వ సెక్షను క్రింద ప్రాసిక్యూషనుకు జిల్లా మేజిస్ట్రేటు ముందస్తు మంజూరు తప్పనిసరి అని 39వ సెక్షను నిర్దేశించుచున్నది. కావున అరెస్టు వార్తకును అభియోగపత్రం దాఖలుకును నడుమ జరుగు ఆలస్యాన్ని కేసు నీరుగార్చుటగా వెంటనే భావించనక్కరలేదు. తాత లైసెన్సు పుస్తకాన్ని, పిస్తోలును తానై తెచ్చి స్టేషనులో అప్పగించిన వారసుని ఫొటోను నిందితుల వరుసలో ప్రచురించినచో, మరొక ఇంట అట్టి పెట్టె తెరచినవారు స్టేషను గడప తొక్కుటకు జంకుదురు.